నూనె రాసిన సిస్టం

"బావా, చెయ్యి తియ్యి. ఆ సిపియు గడప దాటిందంటే దాని ఎనకాలే నేనూ దాటుతా. మళ్ళా లోపలికి రాను."

శిరీష ఆ మాట అని గడప మీదే నిలబడింది. సిపియును రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని వస్తున్న యేసుబాబు ముందుగది మధ్యలో ఆగిపోయాడు. ముందుకు పోదామంటే దారి లేదు, కింద పెడదామంటే మనసు ఒప్పడం లేదు.

"ఆరోన్, చెప్పరా నీ పెండ్లానికి" అన్నాడు తమ్ముడితో.

బడికి సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉండిపోయిన పంతులు ఆరోన్, గోడ మీది క్యాలెండరులో ఈ నెల బైబిలు వాక్యాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చదువుకుంటున్నాడు.

నిన్న సాయంత్రం సిస్టం టక్కున ఆరిపోయింది. ఎన్నిసార్లు బటను నొక్కినా మళ్ళీ లేవలేదు. అందులో దువ్వూరు మందిరం వందేళ్ళ పండుగ పుస్తకం ఉంది, నూట ముప్పై పేజీలు. పండుగకు ఇంకా రెండు ఆదివారాలే గడువు. జమ్మలమడుగులో ఈ ముందుగదిలో కూర్చొని పదకొండేళ్ళుగా పెళ్ళికార్డులు, జ్ఞాపకార్థ కూడికల కాగితాలు, పాటల పుస్తకాలు టైపు చేస్తున్న శిరీషకు ఇంత పెద్ద పని రావడం ఇదే మొదటిసారి.

అట్లాంటి సమయంలో పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి బావగారు కారులో దిగారు. వెనక సీటులో కొత్త సిస్టం అట్టపెట్టెలు. శిరీష పాపం సంబరపడిపోయి యాలక్కాయ వేసి టీ కూడా పెట్టింది. ఆ టీ తాగిన చేతితోనే ఆయన పాతదాని వైర్లు పీకడం మొదలుపెట్టాడు.

"ముందు కొత్తది దించు బావా. ఆ పెట్టెలు ఇంకా కారులోనే ఉండాయి. అవి దించకుండా ఇదెందుకు ఎత్తుకోని పోతాండావు?"

యేసుబాబు సిపియును మెల్లగా బల్ల మీద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. అవసరానికి మించి దులుపుకున్నాడు.

"అది ఈడ దించేది కాదమ్మా."

"మరి యాడ దించేది?"

"ప్రొద్దుటూరులో, మన ప్రింటింగు షాపులో. నీ కోసరమే ఒగ టేబులు, ఫ్యాను అన్నీ పెట్టించినా. పొద్దున తొమ్మిదికి బస్సెక్కితే పదికంతా వస్తావు. సాయంత్రం ఆరుకు బయల్దేరేది. ఈ పాతదాంట్లో ఉండే దువ్వూరు పుస్తకం తీసి కొత్తదాంట్లో ఎక్కిస్తా. ఇంగ ఇంట్లో ఈ గోలే ఉండదు."

వంటింట్లో అత్త సుబ్బమ్మ ఉల్లిగడ్డలు తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

శిరీష మొగుడి వైపు తిరిగింది. "నీకు తెల్సా?"

ఆరోన్ క్యాలెండరు వదల్లేదు.

"ఏమయ్యా, నిన్నే. నీకు తెల్సా?"

"నిన్న అన్న ఫోను చేసినాడు."

"సరేనన్యావా?"

"సరేనని యాడన్యా? చూద్దాంలే అన్యా."

"నువ్వు చూద్దాంలే అంటే సరే అన్నట్టే. పదకొండేండ్లు కాపురం చేసి ఆ మాత్రం తెల్దా నాకు?"

ఆరోన్ మంచివాడే. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. అందువల్ల అందరి గొడవలూ భార్య నెత్తిన పడతాయన్నది మాత్రం అతనికి ఇప్పటిదాకా తోచలేదు. అట్లాంటివాడికి ఆ పూట ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"నేనేం తప్పు చేసినా అట్ల సూస్తాండావు? ఇది ఇల్లా, ఆఫీసా? నా ఇంట్లో నేను బనీను మీద కూర్చోనేదానికి లేదు! పొద్దున్నే పెండ్లికార్డు అని ఒగడు, చావు కాగితం అని ఇంగొగడు. అన్నం తింటాంటే తెలియనోళ్ళు వచ్చి నా ఎదురుగా కూర్చొని ఏడుస్తారు. నేను ముద్ద మింగాల్నా, వాళ్ళను ఓదార్చాల్నా?"

"నువ్వు బనీను మీద కూర్చోనేదానికి నా పని ప్రొద్దుటూరు పోవాల్నా?"

"పని యాడికీ పోదమ్మా" అని యేసుబాబు మధ్యలో దూరాడు. "పని నీదే. షాపు పేరు మీద జరుగుతాది, అంతే."

"దువ్వూరు పుస్తకం ఎనకాల అట్ట మీద ఎవరి పేరు ఉంటాది బావా?"

"షాపు పేరే ఉంటాది. యాడైనా అంతే కదా."

"వాళ్ళు పని షాపుకిచ్చినారా, నాకిచ్చినారా?"

యేసుబాబు నవ్వాడు. చిన్నపిల్లలు అడగకూడనిది అడిగినప్పుడు పెద్దలు నవ్వే నవ్వు అది. శిరీషకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సిస్టం ఆమెది. పెళ్ళికి ముందు పులివెందులలో టైపు ఇన్‌స్టిట్యూటులో పనిచేస్తూ, తన జీతంతో తానే కొనుక్కుంది. పెళ్ళయి అత్తగారింటికి వచ్చే రోజు అందరూ నగల పెట్టె భద్రం అంటుంటే, ఆమె మాత్రం సిపియును దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఇప్పుడది ముసలిదైపోయింది, నిజమే. స్విచ్ వేసి బియ్యం పొయ్యి మీద పెడితే, అన్నం వార్చే వేళకు తెర మీద బొమ్మ వచ్చేది. మార్చాలని ఆమెకూ తెలుసు. మారుద్దాం మారుద్దాం అని ఏడాదిగా వాయిదా వేసింది. ఆ తప్పు మాత్రం ఆమెదే.

"ముసల్ది అయ్యింది, ఒప్పుకుంటా. మార్చాల్సింది మారుస్తా" అంది. "ఏం మార్చాల్నో, ఏం ఉంచాల్నో నేను చెప్తా. నా సిస్టం గురించి మీరిద్దరూ ఫోన్లో మాట్లాడుకునేది ఏంది?"

అంటూనే సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసింది. సిపియును పక్కకు తిప్పి, స్క్రూలు ఊడదీసి, రేకు తలుపును ఒక్క గుంజు గుంజింది.

ముగ్గురూ లోపలికి తొంగిచూశారు.

దుమ్ము ఉంటుందని అందరికీ తెలుసు. కానీ ఆ దుమ్ము జిడ్డు పట్టి, నల్లటి ముద్దలై, ఫ్యాను రెక్కలకు అంటుకుపోయి ఉంది. పైన గాలి కోసం పెట్టిన కన్నాల దగ్గర నుంచి కిందికి ఒక ధార కారి గడ్డకట్టింది. శిరీష వేలితో ఫ్యానును తిప్పి చూసింది. అది కదల్లేదు.

"సూసినావా!" యేసుబాబుకు ప్రాణం లేచొచ్చింది. "నూనె కారుతాంది దీంట్లో. లారీకి కారినట్టు కారుతాంది. ఇంగా ఏం మారుస్తావమ్మా, పాత సామాన్లోనికి ఎయ్యాల్సిందే."

"కంప్యూటర్లో నూనె యాడుంటుంది బావా?" శిరీష వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. ప్రతి నెలా మొదటి ఆదివారం తన నుదుటి మీదే ఉండే వాసన. పాస్టరు అయ్యగారు మందిరంలో ప్రార్థించి ఇచ్చే ఆలివ్ నూనె.

ఆమె మెల్లగా తల తిప్పి వంటింటి వైపు చూసింది. ఆరోన్ చూశాడు. యేసుబాబూ చూశాడు.

సుబ్బమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఉల్లిగడ్డల వల్ల కాదు.

"నేనే పోసినా" అంది.

"అమ్మా!" అన్నారు కొడుకులిద్దరూ ఒక్కసారే.

"అరవగాకండి. పోయిన ఆదివారం పోసినా, అంతకు ముందు నెల పోసినా. శిరీషమ్మి దీని ముందర కూర్చోని రోజూ తల పట్టుకుంటాంది. ఇది లేయదు, లేస్తే నడవదు. ఆరోన్‌కు జరమొస్తే నుదుట రాస్తాం, బర్రె ఈనకపోతే దానికీ రాస్తాం. ఇదీ పదకొండేండ్లుగా మన ఇంటికి అన్నం పెడతాంది గదా, దీనికి రాస్తే ఏం తప్పనుకున్యా. దానికి నుదురు యాడుందో నాకు తెల్దు. పైన కన్నాలుంటే ఆడ పోసినా."

యేసుబాబు పగలబడి నవ్వాడు. ఆరోన్ కూడా నవ్వాడు, అన్న నవ్వాడు కాబట్టి. "నీ భక్తి పాడుగాను, దేవుని పేరు చెప్పి సల్లగా ఉండే సిస్టాన్ని సంపినావు గదమ్మా" అని యేసుబాబు కడుపు పట్టుకున్నాడు. ముసలామె ముఖం ఇంత చిన్నదైపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

శిరీష నవ్వలేదు. అత్తను తిట్టాలనీ అనిపించింది, వాటేసుకోవాలనీ అనిపించింది. రెండిటికీ తీరిక లేదు. ఫోను తీసి ప్రొద్దుటూరు అజ్మతుల్లాకు చేసింది. ఆయన ముప్పై ఏళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఏ కుర్ర మెకానికైనా చేతులెత్తేస్తే చివరికి ఆయన దగ్గరికే వెళ్తారు.

జరిగిందంతా విని ఆయన రెండుసార్లు దగ్గాడు. నవ్వు ఆపుకుంటున్నాడని శిరీషకు అర్థమైంది.

"మా ఇండ్లల్లో దువా చదివి ఊదుతారు బేటీ, అది శానా మేలు. బోర్డు తడవదు" అన్నాడు. "సరే విను. నూనెతోనే బోర్డు పోదు. ఫ్యాను పట్టేసి, వేడెక్కి, కరెంటిచ్చే డబ్బా కొట్టేసుంటుంది. బోర్డు బతికుంటే మన అదృష్టం. కడిగి తుడిస్తే గాని చెప్పలేను. బతికుంటే ఆ డబ్బా మారుద్దాం, ర్యాం ఇంకోటి ఎక్కిద్దాం, పాత హార్డ్ డిస్క్‌లో ఉండేదంతా కొత్త ఎస్ఎస్‌డీలోకి దించుదాం. లేళ్ళు దుంకినట్టు దుంకుతాది."

"మొత్తంగా కొత్తది తీసుకుంటే మామా? మా బావ తెచ్చినాడు."

"తీసుకో, ఎవరొద్దన్యారు. కానీ నీ తెలుగు టైపింగు తాళం కొత్త బోర్డుకు పట్టదు. దానికి ఎనకాల ఆ పెద్ద పోర్టు ఉండాల. అది ఇప్పుడు రాదు. తాళం లేకుంటే నీ నూట ముప్పై పేజీలు తెరుసుకోవు. మళ్ళా మొదటి నుంచి కొట్టుకోవాల్సిందే. అందుకే బోర్డు మార్చద్దంటాండా. సిపియు ఎత్తుకోని రా. తాళం మాత్రం బద్రం."

తాళం అంటే అగ్గిపెట్టెంత ముక్క. సిపియు వెనక తగిలిస్తేనే ఆమె వాడే తెలుగు టైపింగు తెరుచుకుంటుంది. దాన్ని అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పోతే ఇంకోటి దొరకదు.

శిరీష ఫోను పెట్టేసి, చెయ్యి సిపియు వెనక్కు పోనిచ్చింది. వేళ్ళకు ఖాళీ పోర్టు తగిలింది. వంగి చూసింది. బల్ల కింద చూసింది. సొరుగు మొత్తం కింద కుమ్మరించింది.

"నిన్న సాయంత్రం ఈడే ఉండె. ఎవరు తీసినారు?"

ఆరోన్ మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఆ క్యాలెండరు చింపేస్తా ఇప్పుడు! ఎవరు తీసినారు?"

"ఎతకద్దులేమ్మా" అన్నాడు యేసుబాబు. చొక్కా జేబులోంచి తాళం తీసి చూపించి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అది కొత్తదానికి పట్టదని ఆయనకు తెలియదు. "పొద్దున్నే వాడు తీసి నాకిచ్చినాడు. షాపుకు వస్తే ఇస్తా. ఇది లేకుండా ఇంట్లో కూర్చోని ఏం చేస్తావు చెప్పు? నీ మంచికే చెప్తాండా. పాత హార్డ్ డిస్కు, తాళం, నువ్వు, ముగ్గురూ రేపు తొమ్మిది బస్సుకు రాండి."

శిరీషకు బావ మీద కోపం రాలేదు. ఆయన ఎప్పుడూ అంతే. ఇంటి తాళంచెవి ఇచ్చినట్టు తన చేతిపనిని తీసి ఇంకొకరి జేబులో వేసిన మొగుడి ఎదురుగా పోయి నిలబడింది.

"నువ్వే పీకినావా?"

"అన్న అడిగినాడని..."

"అన్న అడిగితే నన్ను కూడా ఇస్తావా?"

యేసుబాబు చెప్పులు వేసుకొని కారు దగ్గరకు నడిచాడు.

అప్పుడు వచ్చింది సుబ్బమ్మ, చేతిలో నూనె సీసాతో. "రేయ్ యేసుబాబూ, ఆగు నాయనా. రోడ్డు మీద పోయేవానివి."

అది ఆ ఇంట్లో రివాజు. కొడుకులు ఊరు కదిలితే తల్లి నుదుట నూనె రాసి ప్రార్థన చేయాలి. యేసుబాబుకు యాభై దగ్గరపడుతున్నా దానికి ఎదురు చెప్పడు. కారు తలుపు పట్టుకొని, తల వంచి, కళ్ళు మూసుకున్నాడు. సుబ్బమ్మ అరుగు మెట్టు మీద నిలబడి, వాడికి దగ్గరగా జరిగి, బండిని కాపాడు తండ్రీ, బ్రేకులను కాపాడు తండ్రీ అని చాలాసేపే ప్రార్థించింది. వాడు గట్టిగా ఆమేన్ అన్నాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న శిరీషకు ఒళ్ళు మండింది. ఇంత జరిగాక కూడా ఆ కొడుక్కు దీవెనలా! తన కోసం ఈ ఇంట్లో ఒక్క మనిషైనా నోరు విప్పరా!

కారు వెళ్ళిపోయింది. శిరీష సిపియుకు తలుపు బిగించి, పెళ్ళినాటి ఆ పాత దుప్పటే తీసి చుట్టింది. ఆరోన్ ముందుకొచ్చి ఒక పక్క పట్టుకోబోయాడు.

"ముట్టద్దు" అంది.

"యాడికి పోతాండావు? తాళం లేందే ఏం చేస్తావు?"

"అజ్మత్ మామ కాడ దింపి, తర్వాత బావ షాపు ముందర కూర్చుంటా. తాళం ఇచ్చిందాకా లేయను. బజారంతా సూస్తాది, సూడనీ. నువ్వు బనీను ఏసుకోని హాయిగా కూర్చో."

ఆమె వీధిలోకి దిగేసరికి వెనక నుంచి చెప్పుల చప్పుడు. సుబ్బమ్మ ఆదివారం చీర కట్టుకొని, చంకలో సంచి పెట్టుకొని వస్తోంది.

"నేనూ వస్తా. బరువు ఒక్కదానివే యాడ మోస్తావు?" అంది. శిరీష మూటలో ఒక పక్క ఆమెకు వదిలింది.

ప్రొద్దుటూరు బస్సులో ముగ్గురి సీటు దొరికింది. ఇద్దరి మధ్యన సిపియు. కండక్టరు ఆధార్ కార్డులు చూసి ఆడవాళ్ళిద్దరికీ ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొట్టి, దుప్పటి మూటను చూసి ఆగాడు.

"దీనికి టికెట్టు తీసుకోవాలమ్మా, సీట్లో కూర్చోబెట్టినారు. ఇది ఆడనా, మొగనా?"

"పొద్దున లేస్తే పన్జేస్తాది. ఇల్లు జరుపుతాది. ఒగ రోజు పడుకుంటే ఇంట్లోవాళ్ళంతా తిడతారు" అంది సుబ్బమ్మ. "నువ్వే చెప్పు నాయనా."

"ఐతే ఆడదేలే" అని కండక్టరు నవ్వుకుంటూ ముందుకు పోయాడు. పొద్దుటి నుంచి మొదటిసారి శిరీషకు నవ్వొచ్చింది. నవ్వుతోనే ఏడుపూ వచ్చింది.

"అత్తా, వాళ్ళిద్దరూ అంతంత మాటలంటాంటే నువ్వు ఒగ మాట అనకపోతివే. పైగా వానికి నూనె రాసి పంపితివి."

సుబ్బమ్మ సంచిలోంచి చేతిరుమాలు తీసింది. దానికి గట్టి ముడి ఉంది. నూనె చేతులతో విప్పబోతే జారుతోంది. పంటితో పట్టి విప్పి, కోడలి అరచేతిలో పెట్టింది.

తాళం.

"అత్తా!"

"కండ్లు మూసుకున్యాడు గదా. ఒగ చేత్తో నుదుట రాసినా, ఇంగో చేత్తో జేబులోంచి తీసినా. అందుకే ప్రార్థన అంతసేపు పట్టింది." రుమాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "దేవుని పేరు చెప్పుకుంటా దొంగతనం చేసినా అమ్మీ. ఆదివారం అయ్యగారి ముందర ఒప్పుకుంటా. కానీ వాడు నిన్ను చూసి నవ్వినప్పుడు గమ్మునున్యా, నన్ను చూసి నవ్వినప్పుడు మాత్రం తట్టుకోలేకపోయినా. నేను చెడగొట్టింది నేనే బాగుచేసుకోవాల గదా."

శిరీష ఆమె చెయ్యి పట్టుకుంది. జిడ్డు చెయ్యి. అంతలో ఫోను మోగింది. యేసుబాబు.

"ఎత్తు" అంది సుబ్బమ్మ. "నాకూ వినపడేటట్టు పెట్టు."

"శిరీషా, తాళం యాడుంది?"

"నా చేతిలో ఉంది బావా."

"అమ్మ తీసిందా?"

"తీసినా రా" అంది సుబ్బమ్మ గట్టిగా. ముందు సీట్లవాళ్ళు వెనక్కు తిరిగారు. "ఆమేన్ అన్యావే, అప్పటికే తీసినా."

యేసుబాబు ఊపిరి పీల్చి వదిలిన చప్పుడు వినిపించింది. "సరే. ఉంచుకోండి. దువ్వూరు పెద్దలు నా షాపులోనే కూర్చోనుండారు, పొద్దున్నే నేనే పిలిపించినా. మీ సిస్టం సచ్చిపోయింది, దాంట్లో నూనె పోసినారు అని చెప్పినా. పుస్తకం నాకే ఇస్తామంటాండారు. ఇంగ ఆ తాళం పెట్టుకోని ఏం చేస్తావమ్మా?"

శిరీష కిటికీలోంచి బయటికి చూసింది. బోర్డు బతికుందో లేదో ఆమెకు తెలియదు. అజ్మతుల్లాకూ తెలియదు. లేవకపోతే రేపు తొమ్మిది గంటల బస్సు ఉండనే ఉంది. షాపులో ఆ టేబులు, ఆ ఫ్యాను ఉన్నాయి. జీవితాంతం ఉంటాయి.

"బావా, ఆ పెద్దోళ్ళను పంపియ్యద్దు" అంది. "అందరినీ పిల్చుకోని అజ్మత్ మామ షాపు కాడికి రా. నువ్వూ రా. స్విచ్ మీ అందరి ముందరే ఏస్తా."

"లేయకపోతే?"

"లేస్తే నువ్వేం చేస్తావో అది ఆలోచించుకో" అని ఫోను పెట్టేసింది.

బస్సు ప్రొద్దుటూరు దగ్గరపడింది. సుబ్బమ్మ మెల్లగా సంచిలో చెయ్యి పెట్టి సీసా మూత తిప్పబోయింది. శిరీష ఆ చేతిని అట్లాగే పట్టుకొని ఆపింది.

"అత్తా, నీకు దండం పెడతా. ఈసారి ప్రార్థన ఒగటే చెయ్యి."